జామ్ వదిలిన మోకాలు

కళ్ళజోళ్ళ షాపు వెనక గది,
సోమవారం మధ్యాహ్నం

పోయిన వస్తువుల కౌంటరులో కొలువుదీరిన మా వదినగారికి,

ఉత్తరం ఇంటికి కాకుండా బస్‌స్టాండులో నీ కౌంటరుకి వచ్చిందంటేనే నీకు అనుమానం పుట్టి ఉంటుంది. పుట్టనీ. ఫోన్ చేద్దామంటే అన్నయ్య నీ చేతిలోంచి లాక్కుని స్పీకరు పెడతాడు. పైఅంతస్తులో ఉన్న హెల్పరుతో మాట్లాడినట్టు అరుస్తాడు. లిఫ్ట్ మెకానిక్‌ని కట్టుకున్నందుకు నీకు తప్పదు గానీ, నాకేం ఖర్మ? ఈ సంగతి అన్నయ్య చెవిన పడకూడదు. అందుకని కాగితం.

నా కుడికాలు విరిగింది. మోకాలికి కాస్త పైన. గుండెలు బాదుకోకు, నేను బాదుకోలేదు. స్కూటరు పడ్డనాటినుంచి నడుము కింద నాకేమీ తెలియదు కదా, ఇదీ తెలియలేదు. కనిపెట్టింది మా ఓనరమ్మ. ఆవిడని చాటుగా భూతద్దం అని పిలుస్తామని చెప్పానుగా, ఆ పేరు ఊరికే రాలేదు. నేను అద్దాలు అరగదీస్తూ ఉంటే వచ్చి నిలబడి, "ఇదేమిటే, నీ కాళ్ళు రెండూ ఒకే మనిషివేనా?" అంది. చూసుకుంటే కుడి మోకాలు గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వేడి.

మొదట వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన జ్ఞానం విను. "నొప్పి ఉందా?" అన్నాడు. లేదండి, వెన్నెముక దెబ్బతింది, నాకు తెలీదు అన్నాను. "నొప్పి లేకపోతే ఇంకేమమ్మా, అదృష్టవంతురాలివి," అని వాపు తగ్గే మందు రాసి పంపాడు! ఇలాంటి వాళ్ళకి పట్టా ఇచ్చినవాళ్ళకి కళ్ళజోడు అవసరం, మా షాపుకి పంపితే ఉచితంగా చేసి పెడతాను.

భూతద్దం ఊరుకోలేదు. పెద్దాసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళని చూసే విభాగం ఒకటి ఉందిట, అక్కడికి ఆటోలో ఎక్కించి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. విరిగిన చోటు చూపించింది. కట్టు మాత్రం పిండికట్టు వెయ్యలేదు. లోపల ఒరుసుకుని పుండు పడినా నాకు తెలియదు కదా, అందుకని దూది దట్టంగా పెట్టి విప్పి చూసుకునే పట్టీ కట్టింది. తర్వాత ఎముకల స్కాన్ చేసి, "నడుము పైన నీ వయసుకి తగ్గట్టే ఉన్నాయి. కాళ్ళల్లోవి మాత్రం నీ వయసువి కావు," అంది. బరువు మొయ్యని ఎముక పలచబడిపోతుందిట. పనిలేని వాళ్ళకి జీతం కోసినట్టు.

ఆ తర్వాత నేను మింగే మందులన్నీ బల్లమీద పోయించింది. మంట మాత్ర, మత్తు మాత్ర అని నువ్వూ నేనూ పేర్లు పెట్టుకున్నాం చూడు, ఆ రెండింటినీ పట్టుకుని, "ఇది మూర్ఛకిచ్చే మందు. ఇది కండరాలు సడలించి మత్తు తెచ్చే మందు. రెండూ ఇన్నేళ్ళా? ఎవరు రాశారు?" అంది.

"మంటకి ఒకాయన రాశాడండి. కాళ్ళు ఎగిరిపడుతున్నాయని ఇంకొకాయన రాశాడు. ఆపమని ఎవరూ రాయలేదు," అన్నాను.

నాలాంటి వాళ్ళలో ఈ రకం మందులు వాడేవాళ్ళకి కాళ్ళ ఎముకలు విరగడం ఎక్కువగా కనిపిస్తోందిట. మందే విరగ్గొట్టిందని ఒట్టేసి చెప్పలేనంది. కానీ అక్కర్లేనిది ఒంట్లో ఎందుకంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? కాబట్టి వదినా, నెలనెలా నువ్వు పంపే పొట్లంలో మత్తు మాత్ర ఇక పెట్టకు. ఉన్నవాటితోనే కొంచెం కొంచెంగా తగ్గించాలిట, ఒక్కసారి మానకూడదుట.

ఎలా విరిగిందని అడుగుతావు. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారేటప్పుడు ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. నాకేం తెలుసు? చప్పుడైనా వినలేదు.

ఇంకొక్క మాట. ఈ కట్టు విప్పేదాకా అన్నయ్యని ఇటు రానివ్వకు. ఏదో ఒక సాకు చెప్పు. సాకులు చెప్పడంలో నీ అంతటిది లేదు.

నీ ఆడపడుచు


బస్‌స్టాండు, పోయిన వస్తువుల కౌంటరు,
గొడుగుల అలమర పక్కన

కాలు విరిగినా నోరు విరగని మా మరదలికి,

నీ ఉత్తరం చదివి ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. పక్కన టిక్కెట్లిచ్చే ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. కాలు విరిగితే ఉత్తరం రాస్తావా? అదీ, జరిగి ఎన్నాళ్ళయిందో నువ్వు చెప్పనే లేదు. వాచి గుమ్మడికాయ అయ్యేదాకా కుర్చీలో కూర్చుని అద్దాలు అరగదీస్తున్నావా? ఒకడు మొన్న బస్సులో చేతికర్ర మర్చిపోయి దిగిపోయాడు. కర్ర లేకుండా ఎలా దిగాడురా అని అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. వాడు నయం, కర్రే మర్చిపోయాడు. నువ్వు కాలు మర్చిపోయావు.

ఇక మందుల సంగతి. బాగుంది తల్లీ! డ్యూటీ దిగి, ఆ మందుల షాపు ముందు జనంలో నిలబడి, పాత చీటీ చూపించి, వాడి వెటకారాలు భరించి, నీకు లోటు రాకుండా పంపుతున్నాను. ఇప్పుడవి నీ ఎముకలు తినేస్తున్నాయా? అంటే నేను పంపింది విషమన్నమాట. ఉపకారానికి పోతే అపకారం ఎదురైనట్టుంది నా బతుకు. అసలు ఆ మత్తు మాత్ర ఎందుకు మొదలైందో గుర్తుందా? మీ అన్నయ్య వచ్చి వ్యాయామం చేయిస్తుంటే నీ కాళ్ళు ఎగిరి ఆయన గడ్డానికి తగులుతున్నాయని! ఆయనే డాక్టరుని బతిమాలి రాయించాడు. కాళ్ళు మెత్తబడితే వంచడం సులువని. నన్నంటావేం?

ఆయన్ని రానివ్వద్దంటున్నావు. ఆపడం నా తరమా? పోయినసారి నీ దగ్గర్నుంచి వచ్చినప్పటినుంచి మనిషి నేలమీద లేడు. "దాని మోకాలు జామ్ వదిలిందే!" అని గడపలోనే కేకేశాడు. వంచుతుంటే టక్కున శబ్దం వచ్చి మోకాలు ఎంత బాగా వంగిందో, నువ్వు ఎంత నవ్వావో, అన్నీ చెప్పాడు. "ఏ తలుపైనా అంతే. తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ఓపిగ్గా ఆడించాలి. టక్‌మందంటే దారికొచ్చినట్టే," అంటాడు. వాళ్ళ వర్క్‌షాపులో మిఠాయి పంచాడు. లిఫ్టులో ఎక్కినవాళ్ళకీ, దిగినవాళ్ళకీ, ఇరుక్కున్నవాళ్ళకీ కూడా చెప్పి ఉంటాడు. ఇప్పుడు రెండో మోకాలి జామ్ కూడా వదిలిస్తానని ఒక తోలుబెల్టు కుట్టించుకుని వచ్చాడు. దానికి బకిల్సు కూడా ఉన్నాయి. సెలవు దొరగ్గానే బయలుదేరతాడు.

నువ్వేమో రావద్దంటావు. మధ్యలో నేను. ఏదో ఒక అబద్ధం ఆలోచిస్తాలే.

నీ వదిన

అన్నట్టు, జామ్ వదిలింది కుడి మోకాలేనంటున్నాడు. నీ కాలు విరిగిందీ కుడిదేగా?


షాపు వెనక గది

వదినా,

నీకు ప్రశ్నలెక్కువయ్యాయి. కౌంటరులో కూర్చుని "ఏ రంగు గొడుగు, పిడి ఎలా ఉంటుంది" అని అడిగి అడిగి అలవాటైపోయింది.

ముందు ఆ మిఠాయి పంచడం ఆపమను. తర్వాత ఆ బెల్టు ఎక్కడైనా పారెయ్. ఎడమకాలికి జామూ లేదు, గీమూ లేదు. నా కాళ్ళు లిఫ్టు తలుపులు కావు.

తప్పు నీదని నేనెప్పుడన్నాను? నువ్వు విషం పెట్టావని రాశానా? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు డాక్టర్ల మీద కోపం నా మీద చూపించకు. వాళ్ళు ఒకళ్ళు రాసింది ఒకళ్ళు చూడలేదు. చీటీ మీద చీటీ, మాత్ర మీద మాత్ర. మనిషి మాత్రం ఒకటే. నువ్వు కొన్నావు, నేను మింగాను. మనిద్దరికన్నా గొర్రెలు నయం, అవి కనీసం వాసన చూస్తాయి.

మత్తు మాత్ర కొంత తగ్గించాం. ఫలితం ఏమిటంటే నా కాళ్ళకి మళ్ళీ ప్రాణం వచ్చినట్టు కుర్చీలో గంతులు. నిన్న ఒక పెద్దాయనకి కొత్త జోడు సరిచేస్తుంటే ఎడమకాలు ఎగిరి బల్లని తన్నింది. ఆయన జోడు తీసి నన్ను చూసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. మంట మాత్ర కూడా కొద్దిగా తగ్గించి, తేడా ఏమిటో చెప్పమంది డాక్టరమ్మ. తేడా చెప్పమంటే ఏం చెప్పను? ఉన్నట్టు కూడా తెలియని పాదాలకి నిప్పుల మీద నిలబెట్టినట్టు మంట ఎలా తెలుస్తుంది? విరిగితే తెలీదు గానీ మండితే తెలుస్తుందిట. ఈ ఒంటిని తయారుచేసినవాడెవడో వాడి దగ్గరా చీటీలు కలిసిపోయి ఉంటాయి.

మంట మాత్ర పూర్తిగా మానననీ, నా నిద్ర నాకు కావాలనీ ఖచ్చితంగా చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. "ఎముకా కావాలి, నిద్రా కావాలి. రెండూ కుదిరే దారి వెతుకుదాం," అంది. అలా మాట్లాడిన డాక్టరు నాకు ఇదే మొదలు. ఏదో లోపం ఉండే ఉంటుంది, ముందుముందు బయటపడుతుంది.

కుడి ఎడమల సంగతి నీకెందుకు? అన్నయ్యని ఆపు. అంతే.

నీ మరదలు


కౌంటరు,
బస్సుల్లేని వేళ

అమ్మాయ్,

ఈసారి వెటకారాలు పక్కన పెట్టి రాస్తున్నాను.

నిన్న మీ అన్నయ్య భోజనం దగ్గర కూర్చుని, పక్కింటాయనకి నీ మోకాలి కథ మళ్ళీ చెప్పాడు. ఎలా వంచాడో తన కాలే ఎత్తి చూపించాడు. ఆ చప్పుడు ఎలా వచ్చిందో నాలుకతో చేసి వినిపించాడు. "టక్." రోజూ చేస్తున్నదే. నేను రోజూ వింటున్నదే. నిన్న మాత్రం గరిటె నా చేతిలోంచి జారిపోయింది. అప్పడం విరిగితే వచ్చే చప్పుడు కాదూ అది?

నేను చదువుకున్నది కొంచెమే. కానీ పోయిన వస్తువు ఎక్కడ పోయిందో కనిపెట్టడం నా ఉద్యోగం. బస్సు ఏది, ఎక్కిన చోటేది, చివరిసారి చేతిలో ఎప్పుడు చూశారు, ఇవి అడిగితే సగం సామాను దొరుకుతుంది. నిన్ను అడుగుతున్నాను. నీ కాలు చివరిసారి బాగున్నదెప్పుడు? అన్నయ్య రాకముందా, వచ్చి వెళ్ళాకా?

మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు ఇరుక్కుందన్నావు. ఇన్నేళ్ళుగా పిల్లి గోడ దూకినంత సులువుగా మారతావు, నేను చూడలేదా? "చప్పుడైనా వినలేదు" అని అడక్కుండానే రాశావు. అడగనిదానికి జవాబు చెప్పేవాళ్ళు మా కౌంటరు దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్ళ సంచీలు ముందుగా విప్పుతాం.

దాచకు. ఆయన సెలవు పెట్టేశాడు. వచ్చే ఆదివారం బస్సెక్కుతాడు. బెల్టు సంచీలో సర్దుకున్నాడు.

నీ వదిన


షాపు వెనక గది,
తలుపు గడియ పెట్టుకుని

వదినా,

సరే. నీ కౌంటరు బుద్ధి నీది. విను.

ఆవేళ షాపుకి సెలవు. అన్నయ్య ఎప్పట్లాగే వచ్చి, చేతులు కడుక్కుని, చొక్కా చేతులు మడిచి, "రా, మన జామ్ సంగతి చూద్దాం," అన్నాడు. నేను మంచం మీద వెల్లకిలా ఉన్నాను. మాత్ర వేసుకున్నాను కదా, కాళ్ళు పత్తిమూటల్లా పడి ఉన్నాయి. ఎడమది అయింది. కుడిది ఎత్తి మోకాలు గుండెల మీదికి వంచుతూ అంకెలు లెక్కపెడుతున్నాడు. కొంచెం అడ్డుపడింది. ఇంకొంచెం నొక్కాడు. టక్‌మంది.

వదినా, ఆ చప్పుడేమిటో నాకు ఆ క్షణంలోనే తెలుసు. నేను రోజంతా అద్దాలతో ఉంటాను. ఫ్రేములో బిగిస్తుంటే మర ఒక్క చుట్టు ఎక్కువైతే ఆ చప్పుడే వస్తుంది. అది విన్నాక ఇక చూడక్కర్లేదు, ఆ అద్దం చెత్తబుట్టకే. మా పనిలో టక్ అంటే పోయినట్టు. వాడి పనిలో టక్ అంటే బాగుపడ్డట్టు. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. స్కూటరు పడ్డ తర్వాత అన్నయ్య మొహం అలా వెలగడం నేను చూడలేదు. "వదిలింది! చూశావా, వదిలిందే!" అని చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

నేను నవ్వాను. ఏం చెయ్యమంటావు?

ఆ స్కూటరు నడిపింది వాడేనని నీకు తెలుసు. బురదలో జారింది, అంతే, వాడి తప్పు ఏమీ లేదు. నేను వందసార్లు చెప్పాను. వాడికి ఎక్కలేదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నన్ను నడిపించేదాకా వాడికి ఊపిరి తీసుకోవడం కూడా తప్పుగానే ఉంటుంది. అందుకే ప్రతి నెలా వచ్చి ఆ కాళ్ళతో కుస్తీ. అవి లేవవని నాకు ఎప్పుడో తెలుసు. వాడి కోసమే వంచనిచ్చాను. వాడి కోసమే ఆ మత్తు మాత్ర మింగాను. నాకు కాళ్ళు ఎగిరినా నష్టం లేదు, అసలు కుర్చీలోకి మారేటప్పుడు ఆ ఎగరడం కాస్త సాయమే.

ఇప్పుడు వాడి చేతిలోనే రెండోసారి విరిగానని తెలిస్తే? ఇక వాడు నా గుమ్మం తొక్కడు. తనని తాను కొరుక్కుని చస్తాడు. ఉన్న ఒక్క అన్నయ్య. వాడు వచ్చిన రోజే ఈ గదిలో మనిషి గొంతు వినిపిస్తుంది. మిగతా రోజులన్నీ సానరాయి గొంతే. కాలు అతుక్కుంటుంది. వాడు అతుక్కోడు. అందుకే దాచాను. చాలా రోజులు ఆ కాలితోనే కూర్చున్నాను, అటూ ఇటూ మారాను. డాక్టరమ్మ తిట్టింది, ఎముక మొన తోలు చీల్చుకుని బయటికి వచ్చేదిట. రాలేదుగా.

చెప్పకు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నావి పట్టుకుంటే ఏం లాభం లేదు కాబట్టి నీవే.

నీ మరదలు


కౌంటరు

తెలివి తక్కువ ఆడపడుచుకి,

చెప్పేశాను.

తిట్టుకో. కావాలంటే రెండు కాగితాల నిండా తిట్టి పంపు, స్టాంపు ఖర్చు నాది. మీ అన్నాచెల్లెళ్ళ ప్రేమలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన నిన్ను నడిపించాలని నీ కాలు విరిచాడు. నువ్వు ఆయన్ని ఏడిపించకూడదని విరిగిన కాలితో తిరిగావు. ఈ ఆదివారం వస్తే రెండోది కూడా విరిగేది, అప్పుడూ నవ్వేదానివి! పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. అదిగో, ఆ కుదిరిన పిచ్చి మీది. మీ ప్రేమకి ఖరీదు చెల్లిస్తున్నవి ఆ కాళ్ళు. నోరు లేనివి కదా అని.

ఎలా చెప్పానంటావా? ఆయన మళ్ళీ నాలుకతో టక్ అన్నాడు. నేను పొయ్యి ఆర్పేసి, "అది జామ్ వదిలిన చప్పుడు కాదు. ఎముక విరిగిన చప్పుడు," అన్నాను. ముందు నవ్వాడు. తర్వాత నా మొహం చూశాడు. అడిగింది ఒక్కటే.

"దానికి తెలుసా?"

"అప్పుడే తెలుసట."

"మరి నవ్విందేం?"

నవ్వింది నువ్వు. జవాబు నువ్వే చెప్పుకో.

మర్నాడు నా కౌంటరుకి వచ్చాడు. భార్య దగ్గరికి కాదు, కౌంటరుకి. జనంతో పాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఆ తోలుబెల్టు బల్లమీద పెట్టాడు. "ఇది ఎవరిదో. దొరికింది," అన్నాడు. నేను కూడా రసీదు రాసి, ట్యాగు కట్టి, అలమరలో పడేశాను. దాని కోసం ఎవరూ రారు.

ఇక నీ గడప తొక్కనంటున్నాడు. "చెయ్యి పెట్టకూడని చోట చెయ్యి పెట్టాను. నా చేతులు దాని దగ్గరికి తీసుకుపోను," అంటాడు. నువ్వు భయపడ్డదే జరిగింది, ఒప్పుకుంటున్నాను. కానీ నేను ఆయన భార్యని, ఆయన భయానికి బానిసని కాను. ఆదివారం బస్సుకి సీటు రాయించాను. డ్రైవరు మాకు తెలిసినవాడు, మధ్యలో దిగనివ్వడు.

ఇంకొకటి. మందుల షాపువాడి దగ్గరికి వెళ్ళి, ఇన్నేళ్ళుగా పాత చీటీ చూసి ఎలా ఇచ్చావయ్యా అని కడిగేశాను. "మీరు అడిగారు, నేను ఇచ్చాను," అన్నాడు. దాంతో నా నోరు మూతపడింది. నా నోరు! ఇక నుంచి నీ డాక్టరమ్మ రాసింది తప్ప ఏదీ పంపను. ఆవిడలో లోపం బయటపడితే నాకు మాత్రం చెప్పకు, నాకిక ఓపిక లేదు.

నీ వదిన


షాపు వెనక గది,
సానరాయి ఆగాక

వదినా,

తిట్టు ఉత్తరం ఒకటి రాశాను, భారీగానే వచ్చింది. చింపేశాను. నువ్వు గెలిచావు, గెలిచినట్టు ఊరంతా చెప్పుకోకు.

నీ పార్సిలు అందింది. డ్రైవరు షాపు మెట్ల దాకా తెచ్చి దింపి, లోపలికి నెట్టి మరీ వెళ్ళాడు. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు రెండూ జేబుల్లో. భూతద్దం పైనుంచి కిందకి చూసి, "ఈయనేనా మెకానిక్కు?" అంది. అంతే, లోపలికి పోయి సానరాయి ముందు కూర్చుంది. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో నీకు చెప్పక్కర్లేదు.

గదిలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బాగున్నావా అనడు. కూర్చోడు. మ్యూజియంలో బొమ్మని చూసినట్టు నా కట్టు వంక చూస్తున్నాడు. కింద "ముట్టుకోరాదు" అని బోర్డు ఒకటే తక్కువ. నాకు ఒళ్ళు మండింది. అంతలో నా ఎడమకాలు మత్తు తగ్గిన సంబరంలో ఒక గంతు వేసి, కుర్చీ మెట్టు మీంచి జారి వేలాడింది. మామూలుగా అయితే నేను చెప్పకముందే వచ్చి సర్దేవాడు. కదల్లేదు.

నేనే వంగి అందుకోగలను, నీకు తెలుసు. అందుకోలేదు.

"ఏం, చేతులు ఇంటి దగ్గర మర్చిపోయావా? వదిన కౌంటరులో ఇచ్చి వచ్చావా?" అన్నాను.

"నా చేతులు వద్దే," అన్నాడు.

"మరి ఎవరివి? అద్దెకి తెప్పించనా?"

"విరగ్గొట్టాను కదే."

"విరగ్గొట్టావు. బుద్ధి లేక విరగ్గొట్టావు. నేను బుద్ధి లేక నవ్వాను. అయిపోయింది. విరగ్గొట్టినవాడివి, ఎలా పట్టుకోవాలో నేర్చుకుని పో. ఇటు రా."

వచ్చాడు. దెబ్బలు తినడానికి వచ్చినట్టు వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చోమన్నాను, కూర్చున్నాడు. "ఒక చెయ్యి మోకాలి కింద పెట్టు. ఒకటి మడమ కింద. వంచకు. లాగకు. తిప్పకు. లెక్కపెట్టకు. మొయ్యి, అంతే," అన్నాను. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకి అద్దం అంచు పట్టుకోవడం చెప్పినట్టే చెప్పాను. చేతులు పెట్టాడు. కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎంతెంత లిఫ్టులు మోసే చేతులు!

"ఇంత తేలిగ్గా ఉందేమిటే," అన్నాడు. అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను వదినా, దాచడం మానేశాను కాబట్టి రాస్తున్నాను.

"నేను నడవను అన్నయ్యా. ఇక ఆ సంగతి వదిలెయ్. నువ్వు మాత్రం రా," అన్నాను. తల ఊపాడు. ఇప్పుడు ఎత్తు అన్నాను.

అప్పుడే ముందుగదిలో భూతద్దం సానరాయి ఆపింది. కావాలనే ఆపిందో, పనే అయిపోయిందో తెలియదు. గదంతా నిశ్శబ్దం అయిపోయింది. అన్నయ్య నా కాలు మెల్లగా ఎత్తి, మెట్టు మీద పెడుతున్నాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి వింటున్నాం.

ఏ చప్పుడూ రాలేదు.

నీ మరదలు